నీ చోటుకి ఒక మనిషి

మూడేళ్ల పిల్లల గదిలో టీచరమ్మకు ఇది పదకొండో ఏడు. నేల మీద కూర్చుని లేచీ లేచీ మోకాళ్లు అరిగిపోయాయి. "నీ చోటుకి ఒక మనిషిని తయారుచెయ్యి, నిన్ను ఆఫీసు పనిలోకి మారుస్తా" అని స్కూలు నడిపే మేడమ్ ఎప్పుడో మాటిచ్చింది. అలా తయారైన ముగ్గురినీ వేరే బ్రాంచీలకు పంపేసింది.

నాలుగో అమ్మాయి ట్రైనింగుకి వచ్చి ఆరు నెలలైంది. ఆ ఉదయం ఒక పిల్ల పక్కవాణ్ణి కొరికితే, అమ్మాయి అరవలేదు. ఏడుస్తున్నవాణ్ణి ఒళ్లోకి తీసుకుని, కొరికిన పిల్ల చేతే తడిగుడ్డ తెప్పించింది. చూసిన టీచరమ్మకు కడుపు నిండింది. ఆ వెంటనే, ఈమెనీ పంపేస్తారని తోచింది.

మధ్యాహ్నం మేడమ్ ఆ అమ్మాయి ట్రైనింగు రిపోర్టు కాగితం తెచ్చింది. "ఏమంటావ్, పనికొస్తుందా? సరేనంటే సోమవారమే కొత్త బ్రాంచికి పంపిస్తా. ఉద్యోగం ఖాయం."

"మరి నా సంగతి?"

"ఇంకొక్కరిని తయారుచెయ్యమ్మా. నీ అంత బాగా ఎవరు నేర్పుతారు చెప్పు?"

ఇంకా పని రాలేదని రాస్తే అమ్మాయి ఇక్కడే ఉండిపోతుంది, కానీ ఉద్యోగం ఖాయం కాదు. టీచరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి "సిద్ధంగా ఉంది" అని రాసి సంతకం పెట్టింది.

"అంతా మీ చలవే అక్కా!" అంటూ అమ్మాయి వాటేసుకుంది. టీచరమ్మ నవ్వింది.

సోమవారం ఐదో అమ్మాయి, సంచి ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రా అమ్మా, లోపలికి రా" అంది టీచరమ్మ, గోడ పట్టుకుని లేస్తూ.