ఎవరి నీళ్లు వాళ్లకే

సౌదీలో రాస్ తనూరా దగ్గర జపాన్ కంపెనీ క్యాంపులో బోరు వేస్తే వేడినీళ్లు పడ్డాయి. చెయ్యి పెడితే కాలేంత వేడి, పైగా గంధకం కంపు. అందరూ తలలు పట్టుకుంటే మేనేజరు మొరితా మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోయాడు. వాళ్ల దేశంలో ఇలాంటి ఊటల పక్కనే సత్రాలుంటాయట. ఇంకేముంది! ఆరు నెలల్లో చాపలు పరిచిన గదులు, చెక్క అరుగులు, పదిమంది పట్టే నీళ్లతొట్టి లేచాయి. ఆ తొట్టికి సర్వాధికారి మన ప్లంబరు రాజేశం. జగిత్యాల మనిషి.

కువైట్ యుద్ధానికి నెల ముందు దిగాడు పాపం. అప్పటికి భార్య లస్మవ్వ కడుపుతో ఉంది. ఇక్కడ సైరన్లు మోగే రోజుల్లోనే అక్కడ ఊళ్లో సృజన పుట్టింది. ఇప్పుడా పిల్లకు మూడేళ్లు నిండుతున్నాయి, తండ్రి ఇంకా కళ్లజూడలేదు. ప్రతిసారీ ఏదో ఒక అడ్డం. ఈసారి సెలవు కాగితం మొరితా బల్ల మీదుంది. టోక్యో నుంచి పెద్దలు వస్తున్నారు, వాళ్లకు మర్యాదలు బాగా జరిగితే సంతకం పెడతానన్నాడు.

ఆరుగురు వచ్చారు. అందరిలోకీ పెద్దాయన ముందుగా తొట్టిలో దిగి, అరగంట నాని, ఎర్రగా బయటికొచ్చాడు. రాజేశం ఊరుకుంటాడా? ఒకరు చేసిన నీళ్లలో ఇంకొకరు స్నానమా, ఛీ ఛీ! చప్పున బిరడా పీకేశాడు. తొట్టి తళతళా తోమి, మురిసిపోతూ తలెత్తేసరికి ఎదురుగా ఐదుగురు దొరలు, నడుముకు తువ్వాళ్లు చుట్టుకుని, ఖాళీ తొట్టిని చూస్తున్నారు. ముందు బయట ఒళ్లు రుద్దుకుని కడుక్కోవడం, తర్వాత అందరూ ఒకే నీళ్లలో నానడం వాళ్ల పద్ధతి. తొట్టి మళ్లీ నిండి, నీళ్లు ఒంటికి తట్టుకునేలా చల్లారాలంటే మూడు గంటలు.

మొరితా ముఖం కందగడ్డ అయింది. సెలవూ లేదు, గిలవూ లేదని అరిచాడు. హైదరాబాదు ఫోర్‌మన్ గులాం మొహిద్దీన్ ఆ మాట తెలుగులో చెప్పేసరికి రాజేశానికి ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి.

"భాయ్, జెర సార్లకు చెప్పుండ్రి. మా దిక్కు ఎవ్వల నీళ్లు వాళ్లకే. పసిపిల్లల ఒక్కలనే కాళ్ల మీద పండవెట్టుకొని తానం పోస్తరు. ఆ నీళ్లు మన మీద పడ్డా ఏమనుకోం. నా బిడ్డ నీళ్లు నా మీద ఇంకా ఒక్క సుక్క పడలే. తప్పైతే తిట్టుండ్రి, కొట్టుండ్రి. సెలవు మాత్రం ఆపకుండ్రి."

మొహిద్దీన్ కాస్త ఉప్పూ కారం చేర్చే ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన మెల్లగా ఏదో అడిగాడు.

"పాప పేరేందని అడుగుతుండు."

"సృజన."

"సురుజానా" అన్నాడు పెద్దాయన, నోరు తిరగక. మళ్లీ అన్నాడు. తర్వాత మొరితా వైపు తిరిగి రెండంటే రెండు ముక్కలు చెప్పాడు. తువ్వాళ్ల దొరలు చాపల మీద చేరి టీ తాగుతుండగా సంతకం పడిపోయింది.

తోటి ప్లంబరు భూమేష్ ఆ సాయంత్రమంతా ఆటపట్టించాడు. "మూడేండ్ల పోరి, నీ కాళ్ల మీద పంటదా అన్నా? తన్ని ఉరుకుతది."

రాజేశం కాగితాన్ని చొక్కా లోపల భద్రంగా పెట్టుకున్నాడు.

"ఉరకనీ. చెంబు వట్టుకొని నేను గూడ ఎన్కనే ఉరుకుత."