చారు డబ్బా ఎవరిది?

రుచితది చుక్కలూ గీతలతో పని. యూనివర్సిటీలో ఆమె కంప్యూటర్ నిండా అవే: చుక్కంటే ఓ మనిషి, గీతంటే ఇద్దరి మధ్య సంబంధం. లక్ష చుక్కల చిక్కుముడిలోంచైనా పదేపదే వచ్చే ఆకారాన్ని ఇట్టే పట్టేస్తానని కాస్త గర్వం కూడా. అలాంటి పిల్లకి ఓ స్టీలు డబ్బా ఎవరిదో తేలక మనసు మనసులో లేదు.

మొన్న ఈ పరాయి దేశంలో, డెంగీ జ్వరంతో యీషున్‌లోని అద్దెగదిలో మంచం పట్టినప్పుడు, రోజూ గుమ్మంలోకి చారన్నం వచ్చేది. తెచ్చేది ఇక్కడి తెలుగువాళ్లలో రోజుకో మనిషి. ఎవరు పంపారంటే అందరిదీ ఒకటే మాట: "ఆంటీ ఇచ్చారు." ఇక్కడ పెద్దావిడైతే చాలు, ఆంటీయే. ఏ ఆంటీ అని ఆరా తీసే ఓపిక అప్పుడు లేదు. జ్వరం తగ్గింది, ఆఖరి డబ్బా మిగిలిపోయింది.

"ఎవరి చేతి అన్నం తిని లేచావో తెలీదంటావేంటే! డబ్బా ఖాళీగా ఇచ్చేవు, జాగ్రత్త" అని తల్లి ఫోన్లో కేకలేసింది.

రుచిత తనకొచ్చిన విద్యనే నమ్ముకుంది. తెచ్చినవాళ్లను ఎవరి దగ్గర అందుకున్నారో అడిగి గీతలు గీసింది. అన్నీ వుడ్‌ల్యాండ్స్‌లో తారాదేవి అనే ఆవిడ ఇంటికే చేరాయి. ఇంకేం, దొరికేసింది! డబ్బా నిండా పులిహోర పెట్టుకుని రైలెక్కింది.

తారాదేవి పకపకా నవ్వింది. "మా ఫ్లాట్ స్టేషన్ పక్కనే కదమ్మా, అందుకని డబ్బాలన్నీ ఇక్కడ ఆగుతాయి. నేను వండింది ఒక్కరోజే. రోజుకో ఇల్లు వండింది. పేర్లు చెప్తే మొహమాటపడి వద్దంటావని, అందరం ఆంటీ అనే చెప్పించాం."

నిజమే, అప్పుడు ఒకరోజు చారులో మిరియాలు గొంతు మండించాయి, మర్నాడు బెల్లం తగిలింది. జ్వరం నోరు కదా అని రుచిత పట్టించుకోలేదు. గీతలెక్కువున్న చుక్కే మొదలు కానక్కర్లేదని జూనియర్లకు చెప్పేది తనే! ఒక్కరికి దండం పెడదామని వస్తే ఇంతమందా? నా అదృష్టం ఎంతటిదో అనుకుంటే ఆమెకు కళ్లు చెమర్చాయి.

"మరి డబ్బా ఎవరికివ్వను ఆంటీ?"

"అది ఎవరిదో నాకూ గుర్తులేదు. యూ టీ స్టేషన్ దగ్గర అక్షర అని కొత్తగా వచ్చిన పిల్ల, నిన్నట్నుంచి జ్వరంట. పులిహోర ఇక్కడుంచి, రేపు ఈ డబ్బాలో దానికి చారన్నం వండి తీసుకెళ్లు."

మర్నాడు అక్షర నీరసంగా తలుపు తీసింది. "ఎవరు పంపారక్కా?"

పొద్దున్నే లేచి ఆ చారు కాచింది రుచితే.

"ఆంటీ ఇచ్చారు" అంది.

ఇరవై ఆరేళ్లకే ఆంటీ అయిపోయినందుకు ఆమెకు ఏమాత్రం బాధ కలగలేదు.