సముద్రం ఊగని రోజు

ఓడ అడుగున వెయ్యిమంది బట్టలుతికే యంత్రాలున్నాయి. అయినా ఆమె గదిలోని బేసిన్ ముందు నిలబడి అత్తగారి మేజోళ్ళకి సబ్బు పెడుతోంది. "అమ్మ బట్టలు ఊళ్ళోవాళ్ళ బట్టల్లో కలిపి ఉతికిస్తామా? నీకు చేతుల్లేవా?" అన్నాడు భర్త, ఓడెక్కిన రోజే. ముప్పై ఏళ్ళ కాపురానికి కానుకగా యాభై రోజుల సముద్ర ప్రయాణమని చుట్టాలందరికీ చాటింపు వేసి మరీ తీసుకొచ్చాడు. కానుకతో పాటు అత్తగారు, ఆవిడ మందులు, ఆవిడ మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి. ఇంట్లో నాలుగు గదుల్లో చేసే చాకిరీ ఇక్కడ మధ్య తలుపున్న రెండు గదుల్లో చేస్తోంది. కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి, తేడా అంతే.

గడియారాలు కూడా ఆమె శాఖే. మొన్నటిదాకా ఓడ తిన్నగా దక్షిణానికి నడిచింది కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేకపోయింది. నిన్న పడమటికి తిరిగింది. సాయంత్రం తలుపు కింద నుంచి చీటీ వచ్చింది, అందరూ గడియారాలు ఒక గంట వెనక్కి పెట్టుకోవాలని. ఆమె చదివింది. చదివి, భర్త చేతి గడియారాన్నీ, మంచం పక్కదాన్నీ, అత్తగారిదాన్నీ వరసగా గంట ముందుకు తిప్పింది. చదవడం రాక కాదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమెకి తెలిసిన లెక్క ఒక్కటే. అందరికంటే గంట ముందు లేవాలి, గంట ముందు వండాలి, ఎవరైనా వస్తున్నారంటే తన నిద్రలోంచి ఇంకో గంట కోసివ్వాలి. ఒక గంట ఊరికే, ఎదురు వచ్చి, ఇచ్చేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని ఆమె చేతికి తోచలేదు.

ఆ ఉదయం పదింటికి ఓడ నడిపే గది చూపిస్తామని కెప్టెన్ పన్నెండు మందిని పిలిచాడు. అందులో భర్త ఒకడు. మూడు రోజులుగా భోజనాల బల్ల దగ్గర ఎవరు దొరికితే వాళ్ళకి ఆ సంగతి చెప్పాడు. కోటు వేసుకుని, తల దువ్వుకుని, పదింటికి వెళ్ళాడు. అక్కడ ఎనిమిదే అయింది. గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న నావికులు, "గంట వెనక్కి పెట్టమంటే ముందుకు పెట్టుకున్నారా సార్? రెండు గంటలు నిలబడతారా మరి?" అని నవ్వారట. ఆ నవ్వుని మోసుకుని అతను గదికి వచ్చాడు.

తలుపు మూశాడు. టీవీ పెట్టాడు, పెద్దగా. ఆమెకి ఆ వరస తెలుసు. గోడలు పల్చన కాబట్టి ఓడలో ముందు టీవీ, తరవాత దెబ్బలు. "పది మందిలో నన్ను కోతిని చేస్తావే?" అని మెడ వెనక పట్టుకుని నుదురు అద్దానికేసి కొట్టాడు. మేజోళ్ళు నీళ్ళలో పడ్డాయి. పొట్టలో ఒకటి, కంఠం కింద ఒకటి. కింద పడితే లేవదీసి మరీ కొట్టాడు. "ఈ చేత్తోనే కదా తిప్పావు?" అంటూ ఆమె కుడిచేతి వేళ్ళు స్నానాల గది తలుపు సందులో పెట్టి, ఆ బరువైన తలుపుని భుజంతో నెట్టాడు. విరిగిన చప్పుడు ఆమెకి టీవీ మోతలో కూడా వినిపించింది. అరవలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, అరుపుని మింగడం.

మధ్య తలుపు తీసుకుని పక్క గదిలోంచి అత్తగారు వచ్చింది. నెత్తురు చూసింది. "ముందా టీవీ ఆపరా, తల పగిలిపోతోంది" అంది. తరవాత కోడలికి తువ్వాలు అందించి, "ఓడ ఊగింది, తలుపు పడింది. అంతే కదమ్మాయ్? ఎవరడిగినా అదే చెప్పు" అంది. ఆవిడ కూడా ఒకప్పుడు ఇలాంటివే చెప్పుకుని ఉంటుంది. ఆ సంగతి తలచుకున్నా ఇవాళ ఆమెకి జాలి కలగలేదు. అసహ్యమేసింది.

ఆసుపత్రి ఓడ అడుగున ఉంది. లిఫ్టు దాకా బయటి వసారాలో నడవాలి. భర్త ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. అలా పట్టుకుని తిరుగుతాడనే ఓడలో వాళ్ళిద్దరికీ కొత్త జంట అని పేరు పెట్టారు. దెబ్బ తగిలిన చోటే పట్టుకుంటాడని వాళ్ళకేం తెలుసు. బయట అలలు లేవు, గాలి లేదు. నీళ్ళు కదలకుండా పరుచుకుని ఉన్నాయి. భర్త ఆగాడు. "ఒక్క నిమిషం. ఇంత ప్రశాంతంగా ఉన్న సముద్రం మళ్ళీ దొరకదు" అని ఫోను తీసి, కమ్మీ మీదకి పొట్ట ఆనించి ముందుకి వంగాడు.

ఆమె కళ్ళ ముందు అతని మెడ వెనక భాగం ఉంది. వసారాలో ఎవరూ లేరు. ఎడమచెయ్యి బాగానే ఉంది. ఒక్క తోపు చాలు. అతను గాల్లో కాళ్ళు కొట్టుకోవడం, నీళ్ళకి వీపు తగలడం, కింద ఓడని నడిపే ఇనుప రెక్కలు అతన్ని లోపలికి లాగి ముక్కలు చేయడం, కోటు ఒక్కటే పైకి తేలడం, అన్నీ వరసగా చూసింది. చూస్తుంటే ప్రాణం హాయిగా ఉంది. చెయ్యి లేచింది కూడా.

"జాగ్రత్తండీ, పడతారు" అంది ఆమె నోరు.

తన నోటిని తనే చీల్చేసుకోవాలనిపించింది.

లిఫ్టులో వాళ్ళ బల్ల దగ్గరే భోంచేసే ముసలాయన, తోటమాలిగా చేసి రిటైరైన ప్రయాణికుడు, కలిశాడు. "అయ్యో, ఏమైందమ్మా?" అన్నాడు. "ఓడ ఊగింది కదండీ, తలుపు పడింది" అన్నాడు భర్త. ముసలాయన తన చేతిలో అంచుదాకా నిండిన కాఫీ కప్పు వంక చూసుకున్నాడు, మళ్ళీ ఆమె వంక చూశాడు. తరవాతి అంతస్తులో దిగిపోయాడు.

నర్సు నెత్తిమీదికి తోసుకున్న కళ్ళజోడు కిందికి దించి వేళ్ళు చూసింది. "ఎక్స్‌రే తీయాలి. మీరు బయట కూర్చోండి సార్."

"దానికి భయమండీ, నేను పక్కనుండాలి."

"ఆ గదిలోకి ఎవరినీ రానివ్వం" అని నర్సు తలుపు మూసేసింది. రెండు వేళ్ళు విరిగాయి. కట్టు కట్టాక రిజిస్టరు ముందుకు లాక్కుంది. "ఓడలో ఎవరికి దెబ్బ తగిలినా సముద్రం ఎలా ఉందో కూడా రాయాలమ్మా, ఇక్కడి నియమం. పోయిన వారం మీ భుజం జారినప్పుడు పెద్ద అలలని రాశాను. ఇవాళ కూడా ఓడ ఊగిందంటున్నారు మీ ఆయన, ఏమని రాయను? పొద్దుట్నుంచీ ఈ బల్ల మీద పెన్ను కూడా దొర్లలేదు."

ఆమె లెక్క వేసుకుంది. ఇంకా ఇరవై రోజుల ప్రయాణం, అదే గది, అదే టీవీ. దగ్గర్లో రేవు కూడా లేదు. ఇప్పుడు నోరు విప్పితే ఆ తలుపు సందులో ఈసారి వేళ్ళు కాదు, తలే పెడతాడు.

"ఉన్నది చెబితే నేరుగా కెప్టెన్‌కి వెళ్తుంది" అంది నర్సు. "మీకు వేరే గది ఇస్తారు. తలుపు దగ్గర మనిషిని పెడతారు. మీరు చెప్పాలి మరి, నేను ఊహించి రాయకూడదు."

బయట నుంచి తలుపు దబదబా మోగింది. "ఎంతసేపే? అమ్మకి మందు వేళయింది!"

ఆమె లేచింది. లేవడం అలవాటు. తలుపు దాకా నడిచి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, దాన్ని లోపల నుంచి గట్టిగా బిగించింది.

"సీసా మీద రాసుంది, మీరే వెయ్యండి" అంది తలుపుతో. గొంతు తనది కానట్టు పెద్దగా వచ్చింది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"ఓడ ఊగలేదు" అంది. "మా ఆయన నా వేళ్ళు సందులో పెట్టి తలుపు మూశాడు. రాయండి. రాశాక ఆ పోయిన వారం పేజీ కూడా తియ్యండి. నన్ను అలలు ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు."