జలపాతానికి మడత స్టూలు

నాది ప్లంబర్ పని. వారమంతా కారే నీళ్ళను ఆపి ఆపి చేతులు కాయలు కాస్తే, ఉన్న ఒక్క సెలవురోజున పడే నీళ్ళను చూడ్డానికి అడవికి వెళ్దామంది మా ఆవిడ. మామూలుగా అయితే ఒంట్లో బాగాలేదని ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. ఈసారి కుదరలేదు. ఎందుకంటే ఇది షికారు కాదు, పరీక్ష.

మా ఆవిడ ఉత్తరాలు పంచుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో సగం మెట్లు ఆవిడ పాదాలకు తెలుసు. ఏ గుమ్మం ముందైనా ఆవిడ మాటలు రెండే: అందిందా, అయితే సంతకం పెట్టండి. ఐదు నెలల కిందట ఒక పార్సిల్ పట్టుకుని నాలుగో అంతస్తు ఎక్కి, తలుపు తీసేవాళ్ళు లేక దానితోనే దిగుతూ మెట్టు తప్పింది. మోకాలి చిప్ప పగిలింది. పార్సిల్‌కు గీత కూడా పడలేదు. ఈ ముక్క ఆవిడ కనబడినవాళ్ళందరికీ గర్వంగా చెబుతుంది, విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది.

రేపు పొద్దున్న ఆఫీసులో ఒక కాగితం ఇవ్వాలి. అందులో రెండు గడులు. ఒకటి మళ్ళీ వీధుల్లో తిరిగే పని, రెండోది లోపల కుర్చీలో కూర్చుని ఉత్తరాలు విడదీసే పని. మోకాలికి కసరత్తు చేయించే డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఊరి బయట అడవిలో చిన్న జలపాతం ఉంది, అరగంట నడక, ఎక్కుడు పెద్దగా లేదు. దారిలో ఎక్కడా కూర్చోకుండా వెళ్ళి వస్తే వీధులు, కూర్చుంటే కుర్చీ.

ఆవిడకు ఆ కుర్చీ అంటే జైలు. నాకేమో దాని మీద మనసు పడింది. ఆసుపత్రి బయట బెంచీ మీద నేను గడిపిన మూడు గంటల సంగతి ఆవిడకేం తెలుసు? ఇంకోసారి ఆ బెంచీ మీద కూర్చునే ధైర్యం నాకు లేదు. కాగితం అడుగున ఇంట్లోవాళ్ళ సంతకానికి ఒక గీత ఉంది. నలిగిపోతుందని వంక పెట్టి దాన్ని నా పనిముట్ల సంచిలో దాచాను. కుర్చీ గడిలో పెన్సిల్‌తో చిన్న టిక్కు కూడా పెట్టాను. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని.

సంచీతోపాటు ఒక మడత స్టూలు కూడా మోసుకెళ్ళాను. దారి చల్లగా ఉంది. ఆకులు మెత్తగా పరుచుకున్నాయి, ఎక్కడో పిట్టలు పోట్లాడుకుంటున్నాయి. నాకవేమీ పట్టలేదు, నా చూపంతా ఆవిడ మోకాలి మీదే. మొదటి మలుపులో స్టూలు విప్పి, నాకు ఆయాసంగా ఉందన్నాను. కూర్చోండని, తను నిలబడే ఉంది. రెండో మలుపులో చెట్టు బాగుంది, కాసేపు చూద్దామన్నాను. నిలబడి చూసింది. మూడో మలుపులో స్టూలు చప్పుడు వినగానే వెనక్కి తిరిగింది.

"ఏమండీ, ఇంకోసారి దాన్ని విప్పారంటే పొయ్యిలో పెడతాను" అంది.

ఆ కోపంతో వేగం పెంచి ముందుకు వెళ్ళిపోయింది. నేను వెనకబడ్డాను. అక్కడే నా కొంప మునిగింది.

దారి పక్కన వాగుకు అడ్డంగా చిన్న గట్టు కట్టి ఉంది. గట్టు వెనక మడుగు. గట్టు అడుగున లావాటి గొట్టం, దానికి తిప్పే చక్రం, గొట్టంలోంచి నీళ్ళు ధారగా వాగులోకి పోతున్నాయి. చుట్టుపక్కల పట్టేవాడు లేడు, తాగేవాడు లేడు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, వృథాగా పోయే నీళ్ళను చూస్తూ ఎలా నడవను? పక్కనే రేకు బోర్డు ఉంటే దానికి సంచి తగిలించి, పానా తీసి, ఇక చిన్న చుక్క కూడా కారనంత బిగించాను. ప్రాణం హాయిగా ఉంది. సంచి భుజాన వేసుకుని ఈలపాట పాడుకుంటూ బయల్దేరాను.

పది నిమిషాల్లో మా ఆవిడను అందుకున్నాను. తను ఒక్కసారి కూడా కూర్చోకుండా చివరిదాకా వచ్చేసింది. వచ్చి, తడిసిన నల్లరాతి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. జలపాతం లేదు. రాతి మీంచి బొట్లు బొట్లుగా రాలుతున్నాయి, అంతే. దాని కింద బురద మాత్రమే మిగిలిన చిన్న గుంటలో ఒక పెద్దమనిషి, జుట్టంతా సబ్బు నురగతో, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ అక్కడ? ఇప్పటిదాకా బ్రహ్మాండంగా పడ్డాయి, ఉన్నట్టుండి నీళ్ళు ఆగిపోయాయి" అన్నాడు.

ఈ మాట నేను రోజుకు పదిసార్లు ఫోనులో వింటాను. వినగానే అలవాటుగా, ఎక్కడ ఆగాయో ఆలోచించాను. ఆలోచించగానే ఆ గొట్టం, ఆ చక్రం గుర్తొచ్చాయి. మా ఆవిడ నా మొహం చూసింది, తర్వాత నా చేతిలో ఇంకా ఉన్న పానాను చూసింది. సంగతి అర్థమైపోయింది. ఇరవై ఏళ్ళ కాపురం మరి.

ఒక్క ఉదుటున వెనక్కి పరిగెత్తబోయాను. తడిరాయి మీద కాలు జారి, చీలమండ మెలిపడి, చతికిలబడ్డాను. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది. మా ఆవిడ నేను జారవిడిచిన స్టూలు తెచ్చి విప్పి, నన్ను దాని మీద కూర్చోబెట్టి, పానా అందుకుంది.

వద్దన్నాను. చక్రం గట్టిగా ఉందన్నాను, కాలు మళ్ళీ తప్పితే చూసేవాళ్ళు లేరన్నాను, ఆ సబ్బు మనిషి వెళ్తాడన్నాను. ఆయన కళ్ళు తెరవలేనన్నాడు. కనీసం స్టూలైనా తీసుకెళ్ళమన్నాను.

"అది మీకే కావాలి" అని వెళ్ళిపోయింది.

పదిహేను నిమిషాలు అనుకుంటా. అవే ఆసుపత్రి బెంచీ మీది నిమిషాలు, కాకపోతే ఇక్కడ పిట్టలున్నాయి. అడవిలో ఎక్కడ పుల్ల విరిగినా మెడ సాచి అటు చూశాను. ఆ చక్రాన్ని మళ్ళీ ఎవరూ కదపలేనంత బిగించాను కదా అని, నా పనితనం మీద నాకే మొదటిసారి కోపం వచ్చింది. పడిపోయి ఉంటుంది, పిలిచినా వినబడదు, అనుకుంటూ లేచి, కూలబడి, మళ్ళీ లేచాను. సబ్బు మనిషి మాత్రం, చెల్లెమ్మ వస్తుందిలే బావగారూ అని వరస కలిపి మరీ ఓదార్చాడు.

అప్పుడు పైన రాతి అంచు మీద సన్నగా మెరిసింది. ఒక పాయ దిగింది. దాని పక్కన ఇంకోటి. ఆ తర్వాత ఒక్కసారిగా జలపాతమంతా వచ్చి సబ్బు మనిషి నెత్తిన పడింది.

అంటే చేరింది. తన కాళ్ళ మీద తను నడిచి, నేను బిగించిన చక్రాన్ని తన చేతులతో తిప్పింది. నాకు ఏడుపొచ్చింది. తుంపర పడుతోంది కాబట్టి తుడుచుకోలేదు.

కాసేపటికి చెట్ల మధ్య నుంచి తాపీగా నడిచి వచ్చింది. చేతులు తుప్పు, చీర అంచు తడి. నేను సంచి తగిలించిన ఆ బోర్డు మీద, జలపాతానికి నీళ్ళు ఇక్కడి నుంచే, చక్రం ముట్టుకోవద్దు అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉందని చెప్పింది. తర్వాత నీళ్ళ వైపు చూసి, నా వైపు తిరిగింది.

"అందాయా?" అంది.

"అందాయి" అన్నాను.

"అయితే సంతకం పెట్టండి."

సంచిలోంచి కాగితం తనే తీసింది. అది అక్కడుందని తెలుసన్నమాట. టిక్కు సంగతీ తెలిసే ఉంటుంది. నేను తడి వేలితో దాన్ని రుద్దాను, చెరిగీ చెరగక నల్లగా అలుక్కుంది. వీధుల గడిలో తను పెన్నుతో టిక్కు పెట్టాక, కింద నా పేరు రాశాను. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు ఒక చెయ్యి ఆవిడ భుజం మీద వేసి కుంటుకుంటూ నడిచాను. దారిలో నాలుగుసార్లు స్టూలు మీద కూర్చున్నాను. నాలుగుసార్లూ ఆవిడే విప్పి వేసింది. నేను కూర్చున్నంతసేపూ నిలబడే ఉంది.