అత్యవసరం కాని మొగుడు

మా ఇంట్లో ఇద్దరు సమ్మె మనుషులు. ఒకరు మా ఆయన. ముప్పై ఏళ్ళు బస్సు తోలి, అందులో సగం కాలం యూనియన్ కార్యదర్శిగా బస్సులు ఆపించి, రిటైరయ్యాక ఆపడానికి ఏమీ దొరక్క ఇంట్లో ఫ్యాన్లు ఆపుతూ తిరుగుతుంటారు. రెండోది మా కోడలు, పెద్దాసుపత్రిలో సర్జను. మూడో మనిషిని నేను. నాకు సమ్మె చేసే అలవాటు లేదు, చేసినా గుర్తించేవాళ్ళు లేరు.

కోడలి సమ్మె న్యాయమైనదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను తిట్టేది చూసి మీరు వేరేగా అనుకోకుండా. మా ఆయనకు చివర్లో బస్సు తోలినందుకు వచ్చిన జీతం, కడుపులు కోసి కుట్టినందుకు ఈ పిల్లకు రావడం లేదు. ఆ వచ్చేదీ నెలనెలా రాదు. అడగబోతే పైవాళ్ళు "మీరు దేవుళ్ళు కదా" అంటారట.

"దేవుడికి నైవేద్యం చూపించి మళ్ళీ మనమే తినేస్తాం కదా అత్తయ్యా. మా జీతం కూడా అలాగే చూపిస్తున్నారు," అంది ఒకరోజు.

ఆ మాటకు మా ఆయన ఎంత మురిసిపోయారో చెప్పలేను. కన్నకొడుకు బ్యాంకులో ఏ గొడవకూ పోకుండా ప్రమోషన్లు తెచ్చుకుంటుంటే ఒక్కసారీ అలా మురిసిపోలేదు.

వచ్చిన చిక్కల్లా మా ఆయన గజ్జల్లో ఉంది. హెర్నియా. కండ బలహీనపడి పేగు కాస్త బయటికి జారింది. నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. గురువారం ఆపరేషన్ అన్నారు. బుధవారం సమ్మె మొదలైంది.

సమ్మెకు డాక్టర్లు ఒక నియమం పెట్టుకున్నారు. ప్రాణం మీదికి వచ్చినవి చేస్తారు, ఆగగలిగినవి ఆపుతారు. ఏది ఆగుతుందో ఏది ఆగదో తేల్చిన కమిటీలో మా కోడలూ ఉంది. హెర్నియా సంగతి రాసింది తనే. జారిన పేగు మళ్ళీ లోపలికి పోతున్నంతకాలం ఆగవచ్చు. అది బయటే బిగుసుకుపోయి నొప్పి పుడితే అత్యవసరం. అంటే మా ఆయనకు ఆపరేషన్ జరగాలంటే ముందు ఆయన చావుకు దగ్గర పడాలి. ఇది అర్థం కావడానికి నేను రెండు మూడుసార్లు చెప్పించుకున్నాను.

"మన ఇంటి మనిషికి కూడానా?" అన్నాను.

కోడలు నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు.

"మన ఇంటి మనిషికే ముందు. మా సమ్మెలో ఒకడు చెల్లెలి పెళ్ళివారి కోసం డిపోలోంచి బస్సు తీశాడు. మర్నాడే యూనియన్లోంచి తీసేశాం. పెళ్ళి బాగానే జరిగింది, తర్వాత వాడి మొహం ఎవడూ చూళ్ళేదు."

"ఆ సమ్మెలోనే నాకు నొప్పులొచ్చాయి," అని గుర్తుచేశాను. డిపో నిండా బస్సులు పెట్టుకుని నన్ను కూరగాయల తోపుడుబండి మీద ఆసుపత్రికి తోయించిన మహానుభావుడు ఈయన. బండివాడు దారిలో బేరాలు కూడా చూసుకున్నాడు.

"చేరావు కదా," అన్నారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అలాంటి కుందేళ్ళు మా ఇంట్లో రెండున్నాయి. మా అబ్బాయి సంగతి సరేసరి, తండ్రికీ పెళ్ళానికీ మధ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు.

ఒళ్ళు మండి, నేనే ఆసుపత్రి గేటు ముందు సమ్మె డాక్టర్లు వేసుకున్న టెంటుకు వెళ్ళాను. డాక్టర్ల సంఘం అధ్యక్షుడు, జుట్టు నెరిసినాయన, చొక్కాకు నల్ల బ్యాడ్జీ. మర్యాదస్తుడే, లేచి తన కుర్చీ నాకు వేశాడు.

"బాబూ, బస్సులు ఆగినప్పుడు నేను బండి మీద వెళ్ళాను. మీరు ఆగితే దేని మీద వెళ్ళాలి?"

"అత్యవసరానికి మేమున్నాం కదమ్మా. పేగు బిగుసుకుంటే నిమిషం ఆలస్యం చెయ్యం."

"బిగుసుకుందని ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోవడమేం లేదమ్మా. ఆ నొప్పికి మనిషి కేకలు పెడతాడు."

"మా ఆయన పెట్టరు."

"అందరూ పెడతారమ్మా," అన్నాడు ఓపిగ్గా.

ఇక వాదించి ఏం లాభం. టీ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

సోమవారం మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే మా ఆయన గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నారు.

"కూర బాగుంది," అన్నారు.

కాపరానికి వచ్చినప్పటి నుంచి ఆయన నోట ఆ మాట రాలేదు. బాగాలేకపోతే చెప్తారు, బాగుంటే తింటారు, అదీ పద్ధతి. అనుమానం వచ్చి నేనూ కాస్త నోట్లో వేసుకున్నాను. అందులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను.

ఎంగిలి చేత్తోనే ఆయన పక్కకు వెళ్ళాను. మెడంతా చెమట.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"ఎప్పట్నుంచండీ?"

"పొద్దున లేచినప్పట్నుంచి. లోపలికి పోవడం లేదు."

"మరి నోరు పడిపోయిందా మీకు?"

ఆయన కంచంలోకి చూస్తూ చెప్పారు. "మామగారికైతే అత్యవసరం, మాకైతే సమ్మె అంటారు జనం. ఆ పిల్ల రేపు ఆ టెంట్లో తలెత్తుకుని కూర్చోవాలా, వద్దా?"

"మీరు పోతే నేనెక్కడ కూర్చోవాలి?"

నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ ఆయన మీద కోపంతోనే బండి లాక్కొచ్చాను. ఆయన లేకుండా దాన్ని ఎలా లాగాలో నాకు తెలియదు.

పక్కింటివాళ్ళు టాక్సీ పిలిచారు. అధ్యక్షుడు మాట తప్పలేదు, నిజంగానే నిమిషం ఆలస్యం చెయ్యలేదు. సొంతవాళ్ళ మీద కత్తి పట్టకూడదని కోడలిని బయటే ఉంచి తనే లోపలికి వెళ్ళాడు. సమ్మెలో ఉన్న ముగ్గురు డాక్టర్లు, సమ్మెలో ఉంటూనే మా ఆయన కడుపు కోశారు.

నేనూ కోడలూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నేను మొక్కని దేవుడు లేడు. ఆమె మాత్రం ఆ మూసిన తలుపులను చూస్తూనే ఉంది. చివరికి అధ్యక్షుడు బయటికి వచ్చాడు.

"గండం గడిచిందమ్మా. జానెడు పేగు నల్లబడిపోయింది, తీసేసి కుట్టాం. ఇంకాస్త ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఆ నొప్పి ఎలా దాచారో నాకు అర్థం కావడం లేదు," అన్నాడు.

నేనేమీ అనలేదు. అనడానికి సందు దొరికి కూడా అనకుండా ఉండటం నా జన్మలో అదే మొదలు.

ఆయన వెళ్ళాక కోడలు నోరు విప్పింది.

"పొద్దున బయల్దేరేటప్పుడు, నొప్పి ఉందా మామయ్యా అని అడిగాను. లేదన్నారు."

"ఆయన అలాగే అంటారులే."

"రోజూ చెయ్యి పెట్టి చూస్తాను అత్తయ్యా. ఇవాళ గుమ్మంలోంచే అడిగాను." కళ్ళు నులుముకుంది. "వంగి నడుస్తున్నారు. చూశాను. చెయ్యి పెడితే నాకు తెలిసిపోతుంది. తెలిస్తే చెయ్యాలి. నిజంగానే బిగుసుకుందని చెప్పినా ఎవరూ నమ్మరు, నియమం రాసిందీ తనే, ముందు తప్పిందీ తనే అంటారనిపించింది. ఆయన లేదన్నారు కదా అని వచ్చేశాను."

తిట్టాలి. ఇలాంటి మాటకు కూడా తిట్టకపోతే ఇక నోరెందుకు? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో కూడా ఎంచుకుని ఆమెవైపు తిరిగాను. తల గోడకు ఆనించి నిద్రపోయింది.

సమ్మె అన్న పేరే గాని, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను చూడటానికి రాత్రులన్నీ ఇక్కడే ఉంటోంది. తెల్లవారి వచ్చి స్నానం చేసి మళ్ళీ పరుగు. జీతం లేదు, నిద్ర లేదు, పైగా పని మానేశారని ఊరంతా శాపనార్థాలు. ఆ మొహం చూస్తే జాలేసింది. అలాగని కోపం పోలేదు. రెండూ ఉన్నాయి.

ఇంతలో టెంటులోంచి ఇంకో లేడీ డాక్టరు వచ్చింది. కోడలిని చూసి గొంతు తగ్గించింది.

"అక్క పడుకుందా? పడుకోనివ్వండి ఆంటీ. పెద్ద పనేం కాదు. ఎవరో పెద్దాయన వచ్చాడు, హెర్నియా. నొప్పి ఉందా అంటే లేదంటున్నాడు. సమ్మె అయ్యాక రమ్మని పంపించేస్తాను."

"కూడా ఎవరొచ్చారు?" అన్నాను.

"ఎవరూ లేరండీ. ఒక్కడే నడిచి వచ్చాడట, మధ్యమధ్యలో కూర్చుంటూ."

"పంపించకు," అన్నాను.

కోడలి భుజం తట్టాను. కదల్లేదు. ఆ పిల్లను లేపడానికి నాకు చేతులు రాలేదు. అయినా పట్టుకుని గట్టిగా కుదిపాను.

"లే అమ్మాయ్. బయట ఎవరో నొప్పి లేదంటున్నాడట."

కళ్ళు తెరిచి నా మొహంలోకి చూసింది. చెప్పుల్లో కాళ్ళు సరిగా దూర్చుకోకుండానే మెట్లవైపు నడిచింది.