ఓట్ల బస్సు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మిల్లులో రాత్రి పాళీ చేసి వచ్చి, ముఖం మీద తువ్వాలు కప్పుకొని పడుకున్న బుచ్చిరాములు. మిల్లుకు పోవడానికి చొక్కా వెతుక్కుంటున్న కొడుకు పరుశురాం. స్టవ్ దగ్గర చాయ కాస్తున్న కోడలు లత. గడపకు ఆనుకొని కూర్చొని, ఒళ్లో చీరల కట్ట పెట్టుకొని దారాలు కత్తిరిస్తున్న సమ్మక్క. ఐదో మనిషి గోడ మీద ఉన్నాడు. పాత క్యాలెండరులో రెండు చేతులు జోడించి నవ్వుతున్న ఎమ్మెల్యే దశరథం. ఆయన చనిపోయి నాలుగు నెలలు దాటింది. ఆ బొమ్మకు దండ వెయ్యాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. తీసెయ్యాలనీ తోచలేదు.

మగ్గం మీద నుంచి వచ్చిన చీరను తిరగేస్తే పువ్వు పువ్వుకూ మధ్య పోగులు వేలాడుతుంటాయి. వాటిని గుడ్డకు తగలకుండా కత్తిరించాలి. సూరత్‌లో ఈ నవాగామ్ సందుల్లో ఆడవాళ్లంతా చేసే పనే అది. సమ్మక్క కత్తెర చిట్టి కత్తెర. దాని ఒరిపిడికి బొటనవేలి పక్కన చర్మం గట్టిపడి నల్లబారింది. తెగిన పోగులు ఆమె తలలో ఉంటాయి, చాపలో ఉంటాయి, ఒక్కోసారి లత కలిపిన పిండిలో కూడా దొరుకుతాయి.

"సాయంత్రం బస్సుకు నిజంగనే పోతున్నవా అమ్మా?" పరుశురాం చొక్కా దులుపుతూ అడిగాడు.

"పోక?"

"నీ ఓటు మనూర్ల లేదు గదనే. ఇంటి కాయిదాలకు కావాల్నని పోయినేడు అందరి పేర్లు ఈడికి మార్పిచ్చిన గద."

"బస్సుల ఎవలడుగుతరురా. ఎన్నడన్న అడిగిండ్రా?"

తువ్వాలు కింద నుంచి బుచ్చిరాములు గొంతు వచ్చింది. "ఆయనే పోయిండు. ఆయన పెండ్లానికి ఓటెయ్యనీకి ఈమె పోతదట. ఓటు లేకున్నా పోతదట. పెద్ద లీడరైంది."

"వచ్చేసారి అత్తమ్మనే నిలవెడుదాం మామా. గుర్తు కత్తెర," అంది లత.

అందరూ నవ్వారు. సమ్మక్క కూడా నవ్వింది.

"ఇన్నొద్దులు ఓటేసినం. ఆఖరుకు ఆయన ఇంటి మొఖమన్న చూసి రావాలె గద," అంది.

ఆ మాట అబద్ధం కాదు, నిజమూ కాదు. ఊళ్లో అక్క కొమురవ్వ వానకాలం నుంచి మంచం మీద ఉంది. తల్లి కైకిలి కూలికి పోతే చెల్లెలిని చంకనేసుకొని పెంచింది ఆమే. మొన్న ఫోనులో కొమురవ్వ ఒళ్లు ఎట్లుందో చెప్పలేదు. "ఓట్లచ్చినయట గద. వస్తవు గద," అని మాత్రం అంది. ఓట్లు లేని నడుమ సంవత్సరాల్లో ఆమె ఎన్నడూ అట్లా అడగలేదు. అడిగే మాట కాదని ఆమెకూ తెలుసు.

పెళ్లై సూరత్ వచ్చిన నాటి నుంచి సమ్మక్కను ఊరికి పోవద్దని ఎవరూ అనలేదు. పొమ్మనీ ఎవరూ అనలేదు. మగ్గాలు ఆగవు, వంట ఆగదు, చీరల కట్టలు ఆగవు. పెళ్లికైనా చావుకైనా మగవాళ్లు పోయి వచ్చేవాళ్లు. అక్కను చూసి వస్తానన్న మాట ఆ ఇంట్లో తన కాళ్ల మీద తాను నిలబడేది కాదు. ఓటు అట్లా కాదు. ఓటంటే మిల్లు సేఠ్ సెలవిస్తాడు. బుచ్చిరాములే సంచి సర్దుతాడు. బస్సే సందు మొదటికి వస్తుంది.

ఆ బస్సును మొదట పంపింది దశరథమే. ఏ పార్టీ కూడా దగ్గరికి రానివ్వని రోజుల్లో ఆయన కుండ గుర్తు మీద ఒంటరిగా నిలబడి, సూరత్ మగ్గాల దగ్గరున్న తమ ఊళ్లవాళ్ల కోసం బస్సు పంపాడు. ఓడిపోయాడు. ఆ రాకలో సమ్మక్క తల్లిని చూసింది. ప్రాణంతో చూడడం అదే ఆఖరు. రెండోసారి పార్టీ టికెట్ దొరికింది, గెలిచాడు. సమ్మక్క అక్క ఇంట్లో దిగింది. రెండేళ్లు తిరగకుండానే ఆయన పదవికి రాజీనామా ఇచ్చి, వేరే జెండా పట్టుకొని మళ్లీ నిలబడ్డాడు. వాడకట్టులో మగవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టారు. సమ్మక్క మాత్రం నవ్వును కొంగులో దాచుకుంది. ఐదేళ్లకు రావలసిన బస్సు రెండేళ్లకే వచ్చింది. ఆ తర్వాత ఇంకో పార్టీ, ఓటమి. మళ్లీ ఇంకో గుర్తు, గెలుపు.

ఆయన ఎప్పుడు ఏ జెండా కింద ఉన్నాడో సమ్మక్కకు సరిగా గుర్తుండేది కాదు. అక్క తలలో తెల్ల వెంట్రుక చూసింది రాజీనామా ఓట్లప్పుడు. అక్క ముందు పళ్లు ఊడింది ఆయన ఓడిన ఏడు. అక్క కర్ర పట్టింది ఆయన మళ్లీ గెలిచిన ఏడు. ఓటు వేసి వచ్చాక ఆ పగలంతా ఇద్దరూ అరుగు మీద కూర్చొని ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్లు. చీకటి పడేసరికి బస్సు హారన్ కొట్టేది.

ప్రతి ఓట్లకు ముందు దశరథం సూరత్ వచ్చేవాడు. సందులో కుర్చీలు వేసేవాళ్లు. ఆడవాళ్ల వరసలో సమ్మక్క ముందు ఆగి "ఏ ఊరమ్మా మీది?" అని అడిగేవాడు. ప్రతిసారీ అదే అడిగేవాడు. ప్రతిసారీ ఆమె చెప్పేది. పోయినసారి మాత్రం, "కొమురవ్వ చెల్లెవు గదమ్మా. అక్క మోకాలు ఎట్లుంది?" అన్నాడు. ఎవరో చెవిలో చెప్పే ఉంటారు. అయినా సూరత్‌లో ఆ పేరును ఇంకొకరి నోట వినడం సమ్మక్కకు అదే మొదలు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఆయన మనుషులు పంచిన క్యాలెండరును మేకుకు తగిలించింది.

ఆయన చనిపోయాడన్న కబురు వచ్చినప్పుడు ఆమె కూరగాయల బండి దగ్గర ఉంది. బండివాడు టమాటాలు తూస్తున్నాడు. అయ్యో అనుకునే లోపలే ఇంకో తలపు ముందుకు వచ్చేసింది. మళ్లీ ఓట్లు వస్తాయి, బస్సు వస్తుంది. ఆ పూట ఆమె అన్నం తినలేకపోయింది. "మంచి మనిషని పానం కొట్టుకుంటున్నది," అన్నాడు బుచ్చిరాములు.

ఇప్పుడు ఆయన భార్య పద్మారాణి నిలబడింది. బస్సు వచ్చింది.

సాయంత్రం సమ్మక్క చేతిలోని చీర ముగించి, కత్తెర గూట్లో పెట్టింది. అక్క కోసం మెత్తటి చీర ఒకటి, చాయలో నానబెట్టుకొని తినడానికి నాన్‌ఖటాయి బిస్కట్ల డబ్బా ఒకటి ఎర్ర తువ్వాలులో మూట కట్టింది. బుచ్చిరాములు లేచి కూర్చొని ముడి సరిగా ఉందో లేదో లాగి చూశాడు.

సందు మొదట్లో బస్సు చుట్టూ జనం మూగి ఉన్నారు. కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు లోపలికి పడుతున్నాయి. ఒకసారి సీటు మీద తువ్వాలు పడిందంటే అది ఆ మనిషిదే. ఎంతటివాడూ దాన్ని తియ్యడు. సమ్మక్క కాలి వేళ్ల మీద లేచి మూటను మూడో కిటికీలోంచి లోపలికి వేసింది. మూట సీటు మీద పడింది.

తలుపు దగ్గర రఘుపతి ఫోను పట్టుకొని నిలబడ్డాడు. తమ ఊరి పిల్లవాడే, ఈసారి బస్సు అతని చేతిలో ఉంది. ఒక్కొక్కరి పేరూ ఫోనులో చూసి ఎక్కిస్తున్నాడు. సమ్మక్క వంతు వచ్చేసరికి అతను తల ఎత్తి, మళ్లీ దించాడు.

"చిన్నమ్మా, నీ పేరు ఆడ లేదు. సూరత్‌కు మారింది."

"ఎప్పటికెల్లి వస్తున్న రఘుపతీ. ఈ ఒక్కపారి..."

"సీటుకో ఓటు అన్నరు మేడమోళ్లు. ఇంక పదిమంది ఓటున్నోళ్లే కింద మిగిలిండ్రు. నేనేం చెయ్యాలె?"

"నిలవడి వస్త బిడ్డా."

"ఓటు లేని మనిషివి ఆడికొచ్చి ఏం చేస్తవే?"

సమ్మక్క వెనక్కి చూసింది. బుచ్చిరాములు బీడీ ముట్టిస్తూ పాన్ డబ్బా దగ్గర ఉన్నాడు. అతనికి వినపడేంత దూరంలోనే ఉన్నాడు.

"మా అక్కను సూసొస్త," అంది.

అన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఎంత చిన్న మాటో అన్నాకే తెలిసింది. వెనక వరసలో ఎవరో తోశారు. రఘుపతి ముఖంలో కోపం లేదు. ఆశ్చర్యమే ఉంది.

"అక్కను సూడనీకి ఈ బస్సెందుకు చిన్నమ్మా? రైలుకు పోయి రాకపోయినవా ఎన్నడన్న? ఎవలన్న వద్దన్నరా?"

సమ్మక్క నోరు తెరిచింది. ఎవరి పేరూ రాలేదు. బుచ్చిరాములు బీడీ పొగలోంచి ఇటే చూస్తున్నాడు.

వెనకున్న ఇద్దరు ఆమెను దాటి ఎక్కారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. రఘుపతి మెట్టు మీదికి ఎక్కి, "జర పక్కకు జరుగు చిన్నమ్మా, కాలు మీదికొస్తది," అని తలుపు లాగి మూసేశాడు.

బస్సు కదిలింది. లోపల దీపం వెలిగింది. మనుషులు నడుమ దారిలో ఒకరినొకరు పట్టుకొని నిలబడి ఉన్నారు. మూడో కిటికీ దగ్గర సీటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఎర్ర తువ్వాలు మూట, ఎవరూ ముట్టకుండా, సమ్మక్క కోసం ఆ చోటును ఆపి ఉంచింది.