పద్దెనిమిదో రోజు

తొంభైయెనిమిదో సంచి కూడా నల్లబడింది. లీలావతి దాన్ని బ్లేడుతో చీల్చగానే కుళ్లిన గడ్డి వాసన షెడ్డంతా కమ్మింది. పద్దెనిమిదో రోజుకు సంచి నిండా తెల్లటి పోగు అల్లుకోవాలి. అప్పుడే పుట్టగొడుగు మొలుస్తుంది. ఈసారి వరసగా వేలాడుతున్న నూరు సంచుల్లో రెండే తెల్లగా ఉన్నాయి.

దొర్నిపాడులో ఆ షెడ్డు గురుమూర్తిది. గడ్డీ ఆయనదే. పెంపకం లీలావతిది. ఆమె దగ్గర నలుగురు ఆడవాళ్లు కూలికి పనిచేస్తారు.

"ముట్టుతో లోపలికొచ్చిందెవరో తేల్చు లీలావతీ," అన్నాడు గురుమూర్తి గడప అవతల నిలబడి. "ఆ మనిషి ఈడుంటే షెడ్డు మీకియ్యను."

ఆ కట్టుబాటు లీలావతి కూడా పాటించేదే. ముట్టయితే మూడు రోజులు రాకూడదు. తొమ్మిది వందల కూలి పోతుంది. ఆమె నలుగురి మొహాలూ చూసింది.

వాళ్లలో చిన్నదైన అమృత చేతులు తుడుచుకుంది. "నేనేనక్కా. సంచులు కట్టిన దినం ముట్టులో ఉంటి. కూలి పోతాదని చెప్పల్యా."

"వింటివా?" గురుమూర్తి నవ్వాడు. "ఈ కాలపు పిల్లోళ్లకు మైల ల్యాకపాయ. పుట్టగొడుగులకు మాత్రం ఉండాది. గడప మొక్కి, తప్పయిందని చెప్పి పో."

అమృత కదల్లేదు.

"ఆ రెండు సంచులు గూడా నేను కట్టినవేనక్కా. అదే దినం, ఇవే చేతుల్తో. అవెందుకు చెడిపోల్యా?"

లీలావతి వాటి దగ్గరికి వెళ్లింది. ఆ రోజు చివర్లో గడ్డి చాలక, పక్క రైతు శాంసన్ కళ్లం నుంచి తెచ్చిన మోపుతో నింపినవవి. మిగతావన్నీ గురుమూర్తి గడ్డివి. తెగులు మందు కొట్టిన గడ్డి వాడొద్దనీ, ఆ మందు పుట్టగొడుగునూ చంపుతుందనీ నంద్యాలలో పుట్టగొడుగుల పెంపకం శిక్షణలో మొదటి రోజే చెప్పారు. ఆమె అడిగింది కూడా. మందు చుక్క పడలేదని గురుమూర్తి అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టేశాడు.

"కోతకు వారం ముందు ఈయప్ప మడికి మందు కొట్టింది మా అన్న నరసింహులే," అంది అమృత. "రెండు మార్లు. ఆ వాసనకు ఈయప్ప ఎద్దులే గడ్డికి మూతి పెట్టల్యా. అందుకే మనకు తోసినాడు."

"ఏం మాట్లాడతాండావే? మీ అన్నకు నా కాడ పనొద్దా?"

గురుమూర్తి లీలావతి వైపు తిరిగాడు. "దాన్ని పంపిస్తావా, షెడ్డు ఖాళీ చేస్తావా?"

లీలావతి నల్ల సంచిలోంచి పిడికెడు గడ్డి తీసి ఆయన ముందు పట్టింది.

"అమృత యాడికీ పోదు. పంటను చంపింది ఆ పిల్ల ముట్టు గాదు, గురుమూర్తన్నా. నువ్వు."